గుఱ్ఱుమనుట నేరమా?

మా యింట రెండు కుక్కలు గలవు. పెద్దదాని పేరు కాటుక, చిన్నదాని పేరు బంగారు. రంగును బట్టి పెట్టిన పేళ్లే గాని వేఱొక తలంపుతో పెట్టినవి కావు. అయినను ఆ రెండు పేళ్ల నడుమ మా మనస్సులోని తారతమ్యము కొంత దాగియుండెనేమో యని యిప్పుడు తోచుచున్నది. కాటుక బషీర్‌బాగు సందులలో పుట్టిన ఊరకుక్క. 2013వ సంవత్సరపు వానకాలమున ఒకనాటి రాత్రి మా మేడమెట్ల క్రింద తడిసి వడకుచుండగా మా తల్లిగారు దానిని పాతచీరలో చుట్టి పైకి దెచ్చిరి. బంగారు అట్లు వచ్చినది కాదు. అది లాబ్రడారు జాతిది. 2023 మార్చి నెలలో వెల యిచ్చి కొనితెచ్చితిమి. ఈ రెంటి యాటను గూర్చియు, ఆ యాటను చూడనేరక మేము చేసిన తప్పును గూర్చియు వ్రాయదలచితిమి. కుక్కల యాట కొక వ్యాస మేల యని చదువరులలో కొందఱు నవ్వవచ్చును. నవ్వుదురు గాక. పదేండ్లు మా యింట నున్న ప్రాణిని ఊరి వెలుపల విడిచిపెట్టు నంతటి పనికి మేము సిద్ధపడినది ఈ యాట మూలముననే.

కాటుకకు అప్పటికి పదేండ్లు, మా అమ్మాయికి తొమ్మిది. కుక్కపిల్ల కావలెనని అమ్మాయి యేడాది పొడవున మారాము చేసెను. మాకును ఒక సాకు దొరకెను. ముసలిదానికి తోడగును, పిల్లదానితో పరుగులెత్తి మఱల పడుచుదగును అని. ఈ మాట మాకు చెప్పనివారు లేరు. కాటుకకు తోడు కావలెనో వలదో యని మాత్రము ఎవ్వరును విచారింపలేదు.

అమ్మినవారు పిల్లకు రెండు నెలలు నిండినవనిరి. పశువైద్యుడు పండ్లు చూచి, అయిదు వారములకు మించి యుండవనెను. ఎనిమిది వారములు నిండని కుక్కపిల్లను అమ్మరాదని 2017లో కేంద్రప్రభుత్వము చేసిన నియమములు గలవు. ఆ సంగతి కొన్న తరువాత తెలిసికొంటిమి. చీర కొనునపుడు అంచు పట్టి చూచువారము, మామిడిపండు కొనునపుడు తొడిమ వాసన చూచువారము, ప్రాణిని కొనునపుడు దీని తల్లి యేది యని యడుగలేదు.

ఆ మూడు వారములు ఏమంత విలువైనవి యందురేమో. కుక్కపిల్ల కఱచుట పుట్టుకతో నేర్చును. కఱవకుండుట తల్లి వద్దను తోబుట్టువుల వద్దను నేర్చును. దాని యిరువదియెనిమిది పాలపండ్లును సూదులవంటివి. తోడిపిల్ల చెవిని గట్టిగా పట్టినచో అది కీచుమని యఱచి ఆట మాని పోవును. తల్లిని గట్టిగా పట్టినచో తల్లి పాలియ్యక లేచిపోవును. ఎంత గట్టిగా పట్టిన ఆట నిలిచిపోవునో, ఎంత మెల్లగా పట్టిన సాగునో, ఆ కొలత యీ విధముగా దవడలకు పట్టుపడును. అమెరికా దేశమున బార్ హార్బరులో స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కలను పెంచి పరిశీలించి 1965లో ఒక గ్రంథమును ప్రకటించిరి. పుట్టిన మూడవ వారము మొదలు పండ్రెండవ వారము వఱకు గల కాలమే కుక్కకు ఇతర ప్రాణులతోడి నడవడి యలవడు కాలమని వారి నిర్ణయము. అందులో నాలవ వంతైనను తల్లియొద్ద గడపక బంగారు మా సంచిలో పడినది. కావున దానికి కాటుక చెవులే పాఠశాల యయ్యెను.

బషీర్‌బాగు ఒకప్పుడు నిజముగనే బాగు. ఆస్మాన్‌జా నవాబుగారి మేడయు, దాని చుట్టును తోటయు నుండెడివి. ఆయన బిరుదమును బట్టియే ఈ పేరు వచ్చినది. నేడు మేడయు లేదు, తోటయు లేదు. మేముండునది మూడు గదుల యిల్లు. నున్నని రాతిపలకల నేలపై కుక్క పరుగెత్తిన గోళ్లు పట్టవు. వెలుపల బండ్ల రద్దీ. కావున ఆ రెంటి ఆటలన్నియు మంచమునకును గోడకును నడుమనే జరుగవలసి వచ్చెను.

మొదటి రెండు నెలలు చూడ ముచ్చటగానే యుండెను. దీపములు పెట్టు వేళకు బంగారు ముందుకాళ్లు నేల కాన్చి, వెనుక భాగము పైకెత్తి, తోక యాడించుచు కాటుక యెదుట నిలుచును. ఇక చేయబోవునదంతయు ఆటయే సుమా యని కుక్కల భాషలో దాని యర్థము. కొలరాడో విశ్వవిద్యాలయమున మార్క్ బెకాఫ్ అను పండితుడు ఈ వంగుటను చిరకాలము పరిశీలించి 1995లో ఒక విశేషము వ్రాసెను. కుక్కలు ఆట మొదటనే గాక నడుమ నడుమను, ముఖ్యముగా అపార్థమునకు తావిచ్చునంత గట్టిగా కఱచుటకు ముందును వెనుకను, ఇట్లు వంగునట. అనగా, 'తప్పుగా తలపకుము' అని మాటిమాటికి చెప్పుకొనుచునే యాడునన్నమాట. కాటుకయు బదులు వంగెడిది. తన బలమును దాచుకొని వెల్లకిల పడి, ఆ గుప్పెడు ప్రాణి తన మెడ నెక్కి గెలిచినట్లు విఱ్ఱవీగుటకు ఒప్పుకొనెడిది. మనుమనితో అష్టాచెమ్మ ఆడి కావలెనని యోడు తాతగారు మాకు జ్ఞప్తికి వచ్చెడివారు.

పిల్ల పెరిగెను. నాలవ నెలలో పాలపండ్లూడి కొత్తవి మొలవసాగెను. నలువదిరెండు పండ్లును వచ్చువఱకు, అనగా ఇంచుమించు ఏడవ నెల దాక, దాని దవడల తీట తీఱదు. అయిదవ నెలకు బరువున కాటుకకు సరివచ్చెను. ఆటలో వంతులు పోయెను. ఎప్పుడును బంగారే తఱుమును, కాటుకయే తొలగును. బంగారే పైన, కాటుకయే క్రింద. కాటుక నిద్రించుచుండగా దాని నడుము మీదికి దుముకును. వెనుక కాలు నోట కఱచి గది పొడవున ఈడ్చును. కాటుక గుఱ్ఱుమనెను.

మేము కాటుకను కసరితిమి.

ఇచ్చట మా మనఃస్థితిని దాపక చెప్పవలెను. ఆ ఫిబ్రవరిలోనే అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు కఱచి చంపినవి. ఆ ఘోరము నిఘా కెమెరాలో పడి, ఊరంతయు చూచెను. అటుపిమ్మట మా మేడలోనివారు కాటుకను చూచు చూపు మాఱెను. పదేండ్లు మెట్లమీద దానిని దాటి పోయినవారే తమ పిల్లలను చేయి పట్టి ప్రక్కకు లాగుకొనసాగిరి. వారిని తప్పు పట్టము. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రుల దుఃఖమెదుట ఏ వాదమును నిలువదు. వీధికుక్కలను పట్టి, పిల్లలు కలుగకుండ శస్త్రము చేయించి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని 2001లో వచ్చిన నియమముల స్థానమున ఆ మార్చిలోనే కొత్త నియమములు వచ్చినవి. వానిపై వివాదములు నేటికిని చల్లారలేదు. 2025 ఆగస్టులో సర్వోన్నత న్యాయస్థానము ఢిల్లీ కుక్కలను గూర్చి ఒక యుత్తరువు చేసి, పదునొకండు దినములలో దానినే సవరించవలసి వచ్చెను. ఆ వివాదమున తలదూర్చుట మా యుద్దేశము కాదు. చెప్పవలసినది యింతే. కాటుక గుఱ్ఱుమన్నచో ప్రక్కయింటివారు విందురని మాకు భయము. మాకు కావలసినది దాని బాధ తీఱుట కాదు, చప్పుడు లేకుండుట.

మొదట కేకలు వేసితిమి. తరువాత వార్తాపత్రికను చుట్టి నేలపై చఱచితిమి. ఆ తరువాత ఆ పత్రిక కాటుక ముక్కుపై పడెను. చివరకు గుఱ్ఱుమన్న ప్రతిసారియు వరండాలో గంటసేపు కట్టివేయుట యాచారమయ్యెను. అంతసేపును బంగారు అమ్మాయి యొడిలో కూర్చుండి బిస్కత్తు తినుచుండెడిది.

పదునైదు దినములలో కాటుక గుఱ్ఱుమనుట మానెను. చెప్పినమాట విన్నదని మేము సంతోషించితిమి. వచ్చిన చుట్టములతో గొప్పగా చెప్పుకొంటిమి గూడ. బంగారు మీద పడగానే అది ముఖము ప్రక్కకు త్రిప్పుకొనును. ఆకలి లేకున్నను పెదవులు నాకుకొనును. నిద్ర రాకున్నను ఆవులించును. కంటి కొనను తెల్లగ్రుడ్డు నెలవంకవలె కనబడును. ఒడలు కొయ్యవలె బిగిసికొనును. ఇవన్నియు మాటలే. బిగ్గఱగా చెప్పిన మాటకు దెబ్బలు పడగా అది మెల్లగా చెప్పసాగెను. మెల్లని మాట మాకు వినబడలేదు. వినబడకుండుటయే మాకు హాయిగా నుండెను.

ఆషాఢమాసమున బోనాల ఆదివారము. వీధిలో డప్పులు మ్రోగుచుండెను. ఇంటికి బంధువులు వచ్చియుండిరి. పగలంతయు నిద్ర లేక బంగారు వెఱ్ఱెత్తినట్లుండెను. సందెవేళ కాటుక మంచము క్రింద గోడవైపునకు ముడుచుకొని పడుకొనియుండగా బంగారు దూరి దాని వెనుక కాలు పట్టి లాగెను. చప్పుడు లేదు. గుఱ్ఱుమనుట లేదు, మొఱుగుట లేదు. ఒక్క క్షణములో బంగారు చెంప కంటిక్రిందుగా చీలెను. అమ్మాయి కెవ్వుమని చేయి అడ్డము పెట్టెను. మణికట్టు మీద కాటుక పల్లు గీచికొని పోయి నెత్తురు చిమ్మెను.

మా గృహిణి ధైర్యము విడువక, అమ్మాయి చేతిని పంపు క్రింద సబ్బుతో పదునైదు నిమిషములు కడిగెను. కారము, సున్నము, కాఫీపొడి మున్నగునవి తెచ్చినవారిని దగ్గఱకు రానీయలేదు. అటనుండి నారాయణగూడలో జనులు ఐ.పి.ఎం. అని పిలుచు ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు పోయి టీకా వేయించితిమి. తరువాత మూడవ దినము, ఏడవ దినము, ఇరువదియెనిమిదవ దినము. మా కుక్కలకు టీకాలు వేయించియే యుంటిమి. అయినను ఇట్టి విషయమున 'ఏమి కాదులే' యనుట తగదు. రేబిస్ లక్షణములు కనబడిన పిమ్మట బ్రదికించు మందు లేదు. 1885లో పాస్టరు పిచ్చికుక్క కఱచిన ఒక బాలునికి మొదటిసారి టీకా వేసిన నాటినుండి ఉపాయము తెలిసియు, మన దేశమున నేటికిని ఈ రోగమున జనులు చచ్చుచున్నారన్నచో అది కుక్కల తప్పొక్కటియే కాదు. బంగారు చెంపకు కుట్లు పడెను. కన్ను దక్కెను.

ఆ రాత్రి మా యింట సభ తీఱెను. 'ఎంతైనను ఊరకుక్క, పుట్టుక బుద్ధి యెక్కడికి పోవును?' అని యొక బంధువనెను. నలుగురు పెద్దలలో ముగ్గురము తలయూచితిమి. చదువరులారా, కులము పుట్టుకలో లేదని ఎన్ని సభలలో చప్పట్లు చఱచిన చేతులో అవి! కాటుక పూర్వులు మానవుని వెంట ఈ నేలపై వేలయేండ్లుగా తిరుగుచున్నవి. లాబ్రడారును ఒక జాతిగా ఇంగ్లాండు దేశపు కెన్నెల్ క్లబ్బువారు గుర్తించినది 1903లో. దాని పూర్వులు న్యూఫౌండ్‌లాండు జాలరుల వలలు లాగిన కూలికుక్కలు. వీనిలో కులీన యేది, అకులీన యేది? ఇవన్నియు ఆ రాత్రి మాకు జ్ఞప్తికి రాలేదు. ఒకరు కాటుకను బండిలో నెక్కించుకొని శామీర్‌పేట దాటించి విడిచి వత్తుననిరి. పెంచిన జంతువును ఆకలిదప్పుల పాలగునట్లు విడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరమని మేమెఱుగుదుము. ఎఱిగియు ఊరకుంటిమి.

మఱునాటి యుదయమున మా యింట అంట్లు తోమ వచ్చు ముసలమ్మ సంగతి యంతయు విని, కొంగు నడుమున దోపుకొనుచు అనెను:

“గది ఎన్ని దినాల సంది మొత్తుకున్నది సారూ! మొత్తుకున్నప్పుడల్లా దాన్నే కొడ్తిరి. ఇగ నోరు మూసుకున్నది. నోరు మూయించినంక కొర్కక ఏం జేస్తది?”

మా తల్లిగారు వత్తులు చేసికొనుచుండిరి. తల యెత్తకయే, “నాయనా, ఈ యింటికి నేను పదునాఱేండ్ల పిల్లనై వచ్చితిని. ఒక్కసారి మీ నాయనమ్మగారికి ఎదురు చెప్పితిని. ఆ తరువాత ముప్పది యేండ్లు మంచి కోడలనిపించుకొంటిని,” అనిరి. మఱి యేమియు ననలేదు. ఆ ఒక్కసారి ఏమి జరిగినదో మేమడుగలేదు. అడుగుటకు ధైర్యము చాలలేదు.

కాటుకను శామీర్‌పేటకు గాక నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు కొనిపోయితిమి. వైద్యుడు దాని తుంటిని రెండు వ్రేళ్లతో నొక్కెను. అది చప్పుడు చేయక ముఖము ప్రక్కకు త్రిప్పుకొని పెదవులు నాకుకొనెను. ఎక్స్‌రే తీయగా తుంటికీళ్లు రెండును అఱిగియున్నవి. ఎంత కాలముగానో నొప్పి యుండవలెననెను. బంగారు దుముకునది సరిగా అచ్చటనే. తాను పండుకొన్నచోట తన నొప్పిమీద పదునైదు కిలోల బరువు వచ్చి పడుచుండగా కాటుక రెండు నెలలు మాటలతో చెప్పెను, ఒక నెల సైగలతో చెప్పెను, తుదకు పండ్లతో చెప్పెను. వైద్యుడు దాని బరువు చూచి మందిచ్చి, మన యింటి నొప్పిమాత్రలు, విశేషించి ఐబూప్రొఫెన్ వంటివి, కుక్కకు పెట్టరాదనియు, అవి దాని కడుపును మూత్రపిండములను చెఱచి చంపగలవనియు గట్టిగా చెప్పెను. ఈ మాట తెలియక దయతో చంపినవారు చాలమంది యట.

అంతకు పూర్వము కుక్కలకు శిక్షణమిచ్చు నొకరు మాకు బోధించినది వేఱు. వానిలో పెద్ద యెవరో అవియే తేల్చుకొనును, మనము నడుమ పోరాదు అని. ఇది లోకమున బాగుగ వ్యాపించిన సిద్ధాంతము కావున దాని పుట్టుక చెప్పుట మంచిది. రుడోల్ఫ్ షెంకెల్ అను నాతడు బాసెల్ జంతుప్రదర్శనశాలలో బోనుపెట్టిన తోడేళ్లను చూచి, అవి అధికారమునకై నిత్యము పోరాడునని 1947లో వ్రాసెను. డేవిడ్ మెక్ అను అమెరికా పండితుడు 1970లో ఆ భావమును తన గ్రంథమున చేర్చి లోకమంతట వ్యాపింపజేసెను. పిమ్మట ఆయనయే అడవిలో స్వేచ్ఛగా నుండు తోడేళ్లను ఏండ్ల తరబడి చూచి, మంద యనునది తల్లి, తండ్రి, బిడ్డలు గల సంసారమే గాని సింహాసనము కాదని 1999లో ప్రకటించి, తన పూర్వగ్రంథమును ఇక అచ్చువేయవలదని ప్రకాశకులను కోరెను. తన సిద్ధాంతము తప్పని తెలిసినపుడు ఇట్లు చేయగల పండితులు మనలో నెందఱు గలరో లెక్కింప మాకు చేతి వ్రేళ్లు చాలును. ఎఱుగని తోడేళ్లను కొన్నింటిని తెచ్చి ఒక బోనులో త్రోసి, అవి పోట్లాడగా అది వాని స్వభావమనుట యెట్టిదో, మూడు గదుల యింట ముసలికుక్కను పిల్లకుక్కను త్రోసి తలుపు వేసి, అవి కఱచుకొనగా అది పుట్టుక బుద్ధి యనుటయు అట్టిదే.

నన్నయగారి భారతమున ఆదిపర్వ ప్రారంభముననే సరమ కథ గలదు. జనమేజయుని యజ్ఞభూమికి ఆడుకొనుచు వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ములు ఏ తప్పును లేకయే కొట్టిరి. దాని తల్లి సరమ, దేవతల కుక్క, వచ్చి రాజునే నిలదీసెను. విచారింపక సాధువులను బాధించువారికి కారణము తెలియని భయములు వచ్చునని చెప్పి పోయెను. ఈ కథను బడిలో చదివితిమి, పరీక్షలో వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి, పిమ్మట వార్తాపత్రిక చుట్టి కుక్క ముక్కుపై కొట్టితిమి.

ఇక మేము చేసిన యేర్పాట్లు. చిక్కడపల్లి నుండి వడ్రంగిని పిలిపించి పడకగదికి నడుమెత్తు చెక్కతలుపు పెట్టించితిమి. ఆ గది కాటుకది. దాని బొంత, దాని నీళ్లగిన్నె అచ్చటనే. బంగారుకు ప్రవేశము లేదు. ముందుగదిలో రాతిపలకలపై జంపఖానాలు పఱపించితిమి. కాలు జాఱకున్న కాటుకకు భయము సగము తగ్గెను. భోజనములు వేర్వేఱు చోట్ల. వాహ్యాళియు వేర్వేఱే. కాటుక యుదయమున కింగ్‌కోఠి వైపు మెల్లగా నడచి గోడగోడకు ఆగి వాసన చూచును; వెనుకటివలె గొలుసు లాగి తొందర పెట్టుట మానితిమి. బంగారుకు అశోక్‌నగరులో ఈడైన స్నేహితుడొకడు దొరకెను. ఆ రెండును పడి దొర్లి మెడలు కొఱుకుకొని ఒడలంతయు దుమ్ము చేసికొనును. ఎవరికిని నొప్పి లేదు. పిల్లకు మోటాట కూడదని మేమనము. మోటాట దాని హక్కు. దానికి సరిజోడును చూపవలసినది మేము. ఆ బరువును ముసలిదాని నడుముపై వేసి తోడు తెచ్చితిమని మురిసితిమి.

సాయంకాలపు వెఱ్ఱికి కారణము తెలిసినపుడు నవ్వు వచ్చెను. కుక్కపిల్లలు దినమునకు పదునెనిమిది గంటలకు మించి నిద్రించును. మా యింట దానిని నిద్రింపనిచ్చినవారు లేరు. వచ్చినవారెల్ల ఎత్తుకొని ముద్దాడుదురు. నిద్ర చాలని పసిబిడ్డ పేచీ పెట్టినట్లు అది కఱచుచుండెను. మధ్యాహ్నమున ఒక మూలను దానికి చీకటి చేసి పడుకోబెట్టగా సందెవేళ సగము గొడవ తగ్గెను. తడిపి ముడివేసి చల్లబఱచిన గుడ్డ, పెద్ద గాజరగడ్డ దవడల తీటకు పనికివచ్చెను.

రెండును కలిసి యాడుట పూర్తిగా మానిపింపలేదు. అయిదు నిమిషములు, మేమెదుట నుండగా. బంగారు మెడకు తేలిక త్రాడొకటి కట్టి నేలపై వదలుదుము. అవసరమైనపుడు మీద పడి పట్టుకొనక, త్రాడు తీసి మెల్లగా ఇవతలికి నడిపింతుము. ఆట బాగుగ సాగుచుండగనే ఆపవలెను. చెడిన పిమ్మట ఆపిన, ఆపినట్లు కాదు. ఆట సమ్మతమో కాదో తెలియుటకు ఒక సులభమైన పరీక్ష గలదు. పైబడుచున్నదానిని ఒక క్షణము పట్టి నిలుపవలెను. క్రిందిది తానై మఱల దగ్గఱకు వచ్చినచో అది యాట. ఒడలు దులుపుకొని అవతలికి పోయినచో ఆ పూటకు చాలును. వంతులు లెక్కపెట్ట నక్కఱలేదు. మిచిగన్ విశ్వవిద్యాలయమున బావర్, స్మట్స్ అనువారు 2007లో ప్రకటించిన పరిశీలనమున కుక్కల జంటలలో పైచేయి సరిసమానముగ మాఱుట లేదనియు, అయినను ఆట సాగుననియు తేలెను. గుఱ్ఱుమన్న ప్రతిసారియు కోపము కాదని కూడ నేర్చుకొంటిమి. ఒడలు వదులుగ నుండి, తోక యూగుచు, నడుమ నడుమ తుమ్ముచు గుఱ్ఱుమనుట యాటలోనిదే. ఒడలు బిగిసి, కదలక, నోరు మూసి గుఱ్ఱుమన్నచో లేవవలెను.

లేచి ఏమి చేయవలెను? ఇచ్చటనే మాకు కష్టమయ్యెను. కాటుకను కసరరాదు. బంగారునుకూడ కసరరాదు. బంగారును పేరు పెట్టి పిలిచి ఇవతలికి తెచ్చి, కాటుక తల నిమురవలెను. చేయి పాత యలవాటున ఎన్నిసార్లు వార్తాపత్రిక వైపు పోయెనో! ఒకనాడు మా గృహిణి ఇంటిలోని పత్రికలన్నియు కట్టగట్టి అటక మీద పెట్టెను.

అయితే కాటుక గుఱ్ఱుమనలేదు. ఒక వారము, రెండు వారములు, నెల. నొప్పి తగ్గినట్లే యుండెను, తినుచుండెను, మమ్ము చూచి తోక యూపుచుండెను. నోరు మాత్రము మెదపదు. బంగారు దగ్గఱకు రాగానే పెదవులు నాకుకొని గోడవైపు తిరుగును. మేము లేచి బంగారును తొలగింతుము. మఱల అదే. దెబ్బలతో పదునైదు దినములలో మాన్పించినది తిరిగి రప్పించుటకు ఎంత కాలము పట్టునో ఏ గ్రంథమునను కనబడలేదు. సెప్టెంబరు నెలలో ఒకనాటి రాత్రి మేము భోజనము చేయుచుండగా అమ్మాయి ముందుగదినుండి పరుగెత్తుకొని వచ్చెను.

“నాన్నగారూ! కాటుక గుఱ్ఱుమన్నది!”

మేము ఎంగిలి చేతులతోనే పోయి చూచితిమి. బంగారు రెండడుగులు వెనుకకు జరిగి, తల వంచి నిలుచుండెను. కాటుక మా ముఖములు చూచి చెవులు వెనుకకు వాల్చి నేలకంటుకొని పోయెను. దెబ్బ పడునని యెదురుచూచుచుండెను. మా తల్లిగారు కూర్చుండిపోయి దాని తలను ఒడిలో పెట్టుకొనిరి. “అనవే, ఇంకొకసారి అనవే,” అని దానిని బ్రతిమాలిరి. ప్రక్కయింటివారు ఏమనుకొనిరో తెలియదు. ఆ మేడలో మేము తలుపు మూయకుండుట మాత్రము అదియే మొదటిసారి. మా తల్లిగారు ఆ పిమ్మట కూరలో ఉప్పెక్కువయ్యెనని బాహాటముగా చెప్పుచున్నారు. ఇది వేఱు సంగతి.

అన్నియు చక్కబడినవని చెప్పుటకు లేదు. బంగారు ఇప్పుడు ముప్పది కిలోల పశువు. చెంపమీద కుట్ల గీఱ యున్నది. డప్పులు మ్రోగు దినమున కాటుక యున్న గదికి తాళము వేయుదుము. ఆ బంధువు మా యింటికి రాకపోకలు తగ్గించెను. అమ్మాయికి మణికట్టున సన్నని తెల్లని మచ్చ మిగిలెను; ఎవరైన అడిగిన, కుక్క కఱచినదని చెప్పదు, మేము దాని మాట వినలేదని చెప్పును. ఆ సమాధానము నలుగురిలో మాకు కొంత చిన్నతనముగ నుండును గాని ఆపుట లేదు.

గత శీతకాలమున ఒకనాటి యుదయము ఎండ వరండాలోనికి వచ్చి జంపఖానా మీద పడెను. కాటుక వచ్చి బంగారు యెదుట నిలిచి, కీళ్లు పట్టివేయగా ముందుకాళ్లను జానెడు మాత్రము వంచెను. బంగారు ఒక్క గెంతు వేయబోయి, ఆగి, తానే నేలపై పండుకొని వెల్లకిల తిరిగెను. కాటుక నిలుచుండియే దాని మెడను పండ్లు లేని చిగుళ్లతో కొంతసేపు పట్టి విడిచెను. ఒక నిమిష మాడినవేమో. పిమ్మట కాటుక మెల్లగా గుఱ్ఱుమనెను. బంగారు లేచి ప్రక్కకు పోయెను. మేము చదువుచున్నది క్రింద పెట్టి పోయి చెక్కతలుపు తెఱచితిమి. కాటుక తన గదిలోనికి పోయి బొంత మీద మూడు చుట్లు తిరిగి పండుకొనెను.